అచ్చుపోసిన ఆంబోతు, గొంగడి, బంచరాయి: తెలుగు నేల పశుజాతుల చరిత్ర

పశుజాతి అనే మాటకు జంతుశాస్త్రం చెప్పే అర్థం సూటిగానే ఉంటుంది: ఒకే రూపురేఖలూ ఒకే గుణాలూ తరం తరువాత తరానికి తప్పకుండా దిగివచ్చే పశువుల సమూహం ఒక జాతి. ఆ నిలకడను ఎవరు సాధించారు, ఏ కట్టుబాటుతో కాపాడారు అన్న ప్రశ్న చరిత్రకు చెందినది. ఇంగ్లండులో దీనికి జవాబు కాగితం మీద దొరుకుతుంది. 18వ శతాబ్దిలో రాబర్ట్ బేక్‌వెల్ లీస్టర్ గొర్రెలను ఎంచి దాటించిన తీరూ, 1822లో జార్జ్ కోట్స్ షార్ట్‌హార్న్ పశువుల వంశావళితో అచ్చువేసిన పుస్తకమూ ఆ దేశపు పశుపోషణ చరిత్రలో చెప్పుకోదగిన ఘట్టాలు. తెలుగు నేల మీద చిన్న కమతాల రైతులూ మందల కాపరులూ అటువంటి పుస్తకమేదీ రాయలేదు. అయినా ఒంగోలు పశువు, పుంగనూరు ఆవు, దక్కని గొర్రె, నెల్లూరు గొర్రె ఒకదానితో ఒకటి పొరబడడానికి వీల్లేనంత స్పష్టమైన రూపాలతో 19వ శతాబ్ది నాటికే స్థిరపడి ఉన్నాయి. పుస్తకం చేసే పనిని ఇక్కడ ఊరి ఆచారం, మేత భూమి, కోడెదూడ ధర, ఎరువు కోసం రైతుకూ కాపరికీ మధ్య కుదిరే బేరం కలిసి చేశాయి. ఈ నాలుగింటిలో ఏది ఎక్కడ తెగిపోయిందో గమనిస్తే ఆయా జాతులు క్షీణించిన క్రమం చాలావరకు అర్థమవుతుంది.

మేతకూ మగదూడకూ ఉన్న సంబంధాన్ని చెప్పే పాత సాక్ష్యం కాటమరాజు కథలో ఉంది. 13వ శతాబ్దిలో నెల్లూరును ఏలిన తెలుగు చోడుల కాలపు సంఘటనల చుట్టూ అల్లుకున్నదని పరిశోధకులు భావించే ఈ వీరగాథను కొమ్మువారు అనే గాయకులు తరతరాలుగా పాడుతూ వచ్చారు. కరవు వల్ల మేత దొరకని ఆలమందలతో గొల్లల నాయకుడు కాటమరాజు నెల్లూరు రాజు నల్లసిద్ధి ఏలుబడిలోని బీళ్లకు దిగివస్తాడు. ఆ గడ్డి మేసినందుకు మందలో పుట్టిన కోడెదూడలను రాజుకు ఇవ్వాలని ఒప్పందం కుదురుతుంది. ఒప్పందం చెడి పాలేటి ఒడ్డున పంచలింగాల దగ్గర యుద్ధం జరిగి నెల్లూరు సేనాని ఖడ్గతిక్కన మరణిస్తాడు. పశువు మేసిన గడ్డికి చెల్లించే పన్నును పుల్లరి అంటారు. కథలోని వీరుల సాహసాలను ఎంతవరకు నమ్మాలన్నది వేరే చర్చ; పుల్లరిని నాణెంలో కాక కోడెదూడల్లో లెక్కగట్టడం మాత్రం కల్పనగా తోసివేయదగిన వివరం కాదు. దుక్కికీ బరువుకీ ఎద్దు తప్ప మరో ఆధారం లేని సమాజంలో మందకు విలువ తెచ్చేది మగదూడేనని, ఆవు పాడి దాని తరువాతి లెక్క అని ఆ ఒప్పందం చెబుతోంది. ఒంగోలు జాతి ఈ లెక్క మీదే తయారైంది.

ఆ జాతికి పుట్టినిల్లు గుండ్లకమ్మ, పాలేరు, మన్నేరు, మూసి నదుల పరీవాహక ప్రాంతం. ఇక్కడి మూసికీ హైదరాబాదు మూసీకీ పేరొక్కటే కలిసింది. ఒంగోలు తాలూకా మొదట నెల్లూరు జిల్లాలో ఉండి, 1904లో గుంటూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరి, 1970లో స్వయంగా జిల్లా కేంద్రమైంది. అందువల్లనే పాత దస్తావేజుల్లో ఇదే పశువు నెల్లూరు పశువుగా కనిపిస్తుంది. సున్నపు పాలు ఎక్కువగా ఉన్న నల్లరేగడి, ఓ మోస్తరు వాన, జొన్న, వరిగ వంటి మెట్టపంటలు ఆ సీమకు గుర్తులు. రైతులు గింజ కోసం వేసిన జొన్న చొప్పతో సరిపెట్టుకోక, మేత కోసమే జొన్నను దట్టంగా చల్లేవారు. పైరు కోసిన నేలలో పిల్లిపెసర అనే తీగజాతి పప్పుమొక్కను పెంచి పశువులకు వేసేవారు. ఎదిగిన గిత్త 500 కిలోలకు పైగా తూగుతుంది. మొదలు దగ్గర లావుగా, పొట్టిగా ఉండే కొమ్ములు, నిటారు మూపురం, మెడ కింద మడతలు మడతలుగా వేలాడే గంగడోలు, తెల్లని మేను మీద నల్లని కంటి రెప్పలు, నల్లని తోక కుచ్చు దాని ఆనవాళ్లు. చిన్న రైతు ఇంట ఒకటి రెండు ఆవులే ఉండేవి. ఆవు పాలలో పెద్ద వాటా కోడెదూడకే వదిలి, దానికి ఉలవలూ పత్తిగింజలూ పెట్టి మేపి, జోడు కుదిరే మరో దూడను వెతికి కొని, రెండింటినీ కలిపి పెంచి అమ్మడం ఇక్కడి సేద్యంలో ఒక భాగం. జోడు కుదిరిన కోడెల ధర విడివిడి దూడల ధర కన్నా ఎంతో ఎక్కువ పలికేది కనుక, రంగులోనూ ఎత్తులోనూ కొమ్ము తీరులోనూ తేడా రానివ్వకూడదన్న పట్టుదల రైతు సౌందర్యదృష్టితో పాటు అతని సంచిలోంచి కూడా పుట్టింది.

ఇంతకంటే కీలకమైనది ఆంబోతు ఏర్పాటు. ఒకటి రెండు ఆవులు ఉన్న రైతు సొంతంగా విత్తనపు గిత్తను పోషించలేడు. ఆ లోటును మతాచారం పూరించింది. ఇంటి పెద్ద మరణించినప్పుడు ఆయన పేరున ఒక కోడెను శివుడికో విష్ణువుకో అర్పించి విడిచిపెట్టే కర్మను శాస్త్రాలు వృషోత్సర్గం అన్నాయి. విడిచిన కోడె తొడ మీద త్రిశూలం గుర్తునో శంఖచక్రాల గుర్తునో కాల్చిన ఇనుముతో వేసేవారు కనుక జనం దాన్ని అచ్చుపోసిన ఆంబోతు అన్నారు. ముద్రపడిన గిత్తను ఎవరూ కట్టకూడదు, కొట్టకూడదు, దున్నడానికి వాడకూడదు. అది ఏ చేలో పడి మేసినా అదిలించి పంపడమే తప్ప బందెలదొడ్డికి తోలకూడదు. నేటి తెలుగులో పనీపాటా లేకుండా తిరిగేవాణ్ణి తిట్టడానికి మిగిలిన ఆ పదబంధం వెనుక, ఊరంతా కలిసి భరించిన ఒక మేపుడు ఖర్చు దాగి ఉంది: పది మంది చేలలో మేసిన గిత్త పది మంది ఆవులనూ దాటేది. విడిచే కోడె ఎంపిక ఒక్క కుటుంబం ఇష్టానికి వదిలిన విషయం కాదు. పనికిరాని దూడను దేవుడికిచ్చి పుణ్యం కట్టుకుందామనుకునే వాడిని ఊరి పెద్దలు నిలదీయగలిగినంత కాలం, మేలైన గిత్తలే ఆంబోతులయ్యేవి. మిగిలిన కోడెలకు రెండు మూడేళ్ల వయసులో విత్తులు కొట్టించి ఎద్దులుగా మార్చడంతో, అచ్చుపడిన గిత్తకు పోటీగా మరొకటి మందలో మిగిలేది కాదు. ఆధునిక పశుశాస్త్రం ఎంపిక అనే మాటతో చెప్పే పనిలోని రెండు సగాలూ, అంటే మంచిదాన్ని దాటనివ్వడమూ తక్కినవాటిని దాటనివ్వకపోవడమూ, ఈ ఆచారంలో ఉన్నాయి. ఇంగ్లండులో ఈ రెండు పనులూ పెద్ద కమతం ఉన్నవాడు డబ్బు పెట్టి చేసుకున్నవి. ఒంగోలు సీమలో ఒక ఊరు వాటిని అపరకర్మ ఖర్చుతోనే జరిపించుకుంది.

గిరాకీ లేకుండా ఈ శ్రద్ధ నిలిచేది కాదు. 1832-33లో గుంటూరు సీమను తుడిచిపెట్టిన నందన కరువు మనుషులతో పాటు పశువులనూ బలిగొన్నది; ఆ దెబ్బ నుంచి పల్లెలు తేరుకుంటున్న కాలంలోనే 1852లో ధవళేశ్వరం దగ్గర గోదావరి మీద, 1855లో బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్టలు పూర్తయ్యాయి. డెల్టాలో మెట్ట మాగాణి అయ్యేకొద్దీ దమ్ముకూ బండికీ బలమైన ఎద్దులు కావలసి వచ్చాయి, అదే సమయంలో అక్కడి మేత బీళ్లు వరిచేలు అయిపోవడంతో దూడలను పుట్టించి పెంచే వీలు తగ్గింది. ఫలితంగా మెట్టసీమ దూడలను పుట్టిస్తే డెల్టా వాటిని కొని పనికి వాడుకునే శ్రమవిభజన ఒకటి ఏర్పడింది. ఒంగోలు దూడలు వ్యాపారుల వెంట ఉత్తరానికి నడిచి వెళ్లేవి. పాలిచ్చే ఆవులు చెన్నపట్నం పాడివారి కొట్టాలకు దక్షిణంగా వెళ్లేవి. రెండో ప్రయాణం జాతికి మేలు చేయలేదు. ఊళ్లో మిగిలి దూడల్ని కనవలసిన మంచి ఆవు పట్నం చేరి, పాలు ఎండాక తిరిగి రాని దారి పట్టేది. కుంఫిణీ కాలం ముగిసి దొరల పాలన స్థిరపడ్డాక జిల్లా అధికారులు ఈ పశువుల గొప్పతనాన్ని నమోదు చేయడం మొదలుపెట్టారు. బాస్వెల్ 1873లో ప్రచురించిన నెల్లూరు జిల్లా మాన్యువల్, ఆ తరువాత జాన్ షార్ట్ పశువుల మీదా గొర్రెల మీదా రాసిన గ్రంథం, 1936లో లిటిల్‌వుడ్ దక్షిణ భారత పశుసంపద మీద రాసిన గ్రంథం ఈ వరుసలో ముఖ్యమైనవి.

ఆ పొగడ్తలు రాసిన ప్రభుత్వమే మరో చేత్తో మేతను కత్తిరించింది. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం ఊరి పొలిమేరల్లోని అడవులను రిజర్వులుగా ప్రకటించడంతో, అంతవరకు వాడుక హక్కుగా సాగిన మేపుడు అనుమతి చీటీకి లోబడిన పని అయింది. చట్టానికి ముందే 1876-78 నాటి కరవు, జనం నోట ధాత కరువుగా నిలిచినది, రాయలసీమలోనూ నెల్లూరు మెట్టలోనూ మందలను కూల్చివేసింది. కోలుకోవడానికి అడవి గడ్డి అత్యవసరమైన సమయంలో అడవికి కంచె పడింది. పల్నాడులో ఈ ఒత్తిడి తిరుగుబాటు రూపం దాల్చింది. సహాయ నిరాకరణ రోజుల్లో, 1921-22లో, పుల్లరి కట్టబోమని గ్రామాలు తీర్మానించుకున్నాయి, అటవీ సిబ్బందికి నీరూ నిప్పూ ఇవ్వకుండా సాంఘిక బహిష్కారం పాటించాయి. ఆ ఉద్యమానికి ముందు నిలిచిన కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో పోలీసు కాల్పుల్లో మరణించాడు. స్వాతంత్ర్యోద్యమ చరిత్రలు ఈ ఘటనను పన్నుల నిరాకరణగా గుర్తుంచుకున్నాయి. పశుపోషణ చరిత్ర వైపు నుంచి చూస్తే అది చిన్న రైతు పశువుకు గడ్డి ఎక్కడిదన్న ప్రశ్న మీద జరిగిన పోరు, దానికి నేటికీ జవాబు రాలేదు.

ఇదే కాలంలో ఒంగోలు పశువు సముద్రాలు దాటింది. 1868లో బ్రెజిల్‌లోని బహియా రాష్ట్రపు సాల్వడార్ రేవులో ఆగిన ఓడ నుంచి రెండు పశువులు అక్కడే అమ్ముడుపోయాయని, 1878లో రియో ప్రాంతపు రైతు మనోయెల్ లెంగ్రూబెర్ జర్మనీలోని హాంబర్గ్ జంతుశాల నుంచి ఒక జంటను కొన్నాడని అక్కడి చరిత్రకారులు రాస్తారు. తరువాత తెలుగు జిల్లాల నుంచి నేరుగా దిగుమతులు జరిగాయి. నెల్లూరు పేరే అక్కడ నెలోర్ అయి నిలిచింది, 1938లో ఆ జాతికి వంశావళి పుస్తకం తెరిచారు. 1962 నాటి చివరి పెద్ద దిగుమతిలో వెళ్లిన గిత్తల్లో ఒకటి కర్వాది. ఒంగోలు పక్కనే ఉన్న కరవది గ్రామం పేరే దానికి పెట్టారు. దాని సంతతి బ్రెజిల్ మందల నిండా వ్యాపించింది. నేడు ఆ దేశంలోని 20 కోట్లకు పైబడిన పశువుల్లో అధికభాగంలో ఒంగోలు రక్తం ఉంది. 2023లో వియాటినా-19 అనే నెలోర్ ఆవులో మూడో వంతు వాటా వేలంలో పలికిన ధరను బట్టి ఆవు మొత్తం విలువ 40 లక్షల డాలర్లు దాటినట్టు లెక్కతేలి, ప్రపంచంలోనే ఖరీదైన ఆవుగా గిన్నిస్ గుర్తింపు పొందింది. 20వ శతాబ్ది తొలినాళ్లలో డచ్చి పాలకులు ఇండోనేషియాలోని సుంబా దీవికి తీసుకుపోయిన మందలు అక్కడ సుంబా ఒంగోలు అనే పేరుతో నిలిచాయి; అమెరికా బ్రాహ్మన్ జాతిలోనూ గుజరాత్, గిర్ పశువులతో పాటు ఈ రక్తం కలిసింది. తెలుగు పత్రికలు ఈ వార్తలను గర్వంగా అచ్చువేస్తాయి. అయితే బ్రెజిల్ వారు ఎండకూ పిడుదు పురుగుకూ తట్టుకునే మేనును తీసుకుని దాన్ని మాంసపు పశువుగా మలచుకున్నారన్నది, అంటే ఆ పశువుకు వేరే బతుకుతెరువు చూపించారన్నది, ఆ గర్వంలో తరచు మరుగునపడే విషయం.

పుట్టినింట ఆ బతుకుతెరువే పోయింది. 1920ల నుంచి గుంటూరు, ఒంగోలు నల్లరేగళ్లలో వర్జీనియా పొగాకు పాకింది. పొగాకు ఆకు పశువు మేయదు, దాని మోడు చొప్పగా పనికిరాదు. నాగార్జునసాగర్ కుడి కాలువ నీరు వచ్చాక మెట్టపంటలు తగ్గి వరి, పత్తి, మిరప పెరిగాయి. మేత జొన్న, పిల్లిపెసర వేసిన చేలు ఆ మార్పులో ముందుగా పోయినవి. 1970లో మొదలైన పాలవెల్లువ పథకం కాలం నుంచి పాల సేకరణ కేంద్రం పాలలోని వెన్నను బట్టి ధర కట్టడంతో గేదె గెలిచింది, లీటర్ల లెక్క కావలసినచోట జెర్సీ సంకరం గెలిచింది. చివరి దెబ్బ ట్రాక్టరుది. కోడెదూడను మూడేళ్లు మేపి అమ్మితే వచ్చే ధర మీద ఆధారపడిన లెక్క ట్రాక్టరు అద్దె ముందు నిలవలేదు. అచ్చుపోసిన ఆంబోతు అంతకు ముందే ఊరి వీధుల్లోంచి మాయమైంది: చేలన్నీ వాణిజ్యపంటలైనప్పుడు దైవం పేరున తిరిగే గిత్తను మేయనిచ్చే రైతు ఎవరూ ఉండరు. దాని స్థానంలో కృత్రిమ గర్భధారణ వచ్చింది. పశువైద్యశాల డబ్బాలోని వీర్యం ఏ జాతిదో నిర్ణయించే అధికారం ఊరి పెద్దల చేతుల నుంచి శాఖాధికారుల చేతికి మారడం, ఈ మార్పులన్నిటిలోకీ తక్కువ చర్చకు వచ్చిన అంశం.

ప్రభుత్వం ఏమీ చేయలేదనడం న్యాయం కాదు. నెల్లూరు జిల్లా చింతలదేవి, ప్రకాశం జిల్లా చదలవాడ క్షేత్రాలూ, గుంటూరు దగ్గరి లాం పరిశోధనా కేంద్రమూ స్వచ్ఛమైన ఒంగోలు మందలను నిలబెట్టాయి. వాటి వెలుపల ఆ జాతిని పల్లెల్లో ఇంకా బతికిస్తున్నది బండలాగుడు పందెం. సంక్రాంతికీ తిరునాళ్లకూ నిర్ణీత సమయంలో బరువైన రాతిబండను ఎంత దూరం ఈడ్చుకుపోగలవో చూసే ఈ పోటీల్లో జతలను పళ్లను బట్టి, అంటే పాలపళ్లవి, రెండు పళ్లవి, నాలుగు పళ్లవి, ఆరు పళ్లవి అని వయసువారీగా విభజిస్తారు. గెలిచిన జత లక్షల్లో ధర పలుకుతుంది. పందెపు రైతు మళ్లీ పాత పద్ధతిలోనే వంశం అడుగుతాడు, తల్లిని చూస్తాడు, ఉలవలు పెడతాడు. కాని అతను ఎంచుకునేది కాసేపటి ఉద్ధృతమైన బలాన్ని. పొద్దంతా నాగలి లాగే ఓపికనూ, రెండు పూటలా పాలిచ్చే తల్లి గుణాన్నీ పోటీ కొలవదు. ఒక జాతి మీద ఒకే వాడుక మిగిలితే ఆ జాతి ఆ వాడుక వైపే ఒరుగుతుంది; ఈ ఒరుగుడు ఇప్పటికే కనిపిస్తోందనుకోవడం తప్పు కాబోదు.

దక్కను పీఠభూమి మీద కథ గొర్రెది, దాని లెక్క వేరు. తెలంగాణ, ఉత్తర కర్ణాటక, మహారాష్ట్ర మెట్టల్లో వ్యాపించిన దక్కని గొర్రె నల్లటి ముతక ఉన్ని ఇచ్చే చిన్న జీవం. ఏడాదికి రెండు కత్తిరింపుల్లోనూ కలిపి కిలో ఉన్ని కూడా ఇవ్వదు. మహారాష్ట్రలో ధనగర్లు, కన్నడ సీమలో కురుబలు, తెలంగాణలో కురుమలు దాని పోషకులు. కురుమలలో పెళ్లికి ఉన్ని కంకణం కట్టుకునేవారు, పత్తి కంకణం కట్టుకునేవారు అనే రెండు శాఖలుండడం, వారి దైవాలైన బీరప్ప, మల్లన్నల చరిత్రను ఒగ్గు కథకులు పాడడం, కొమురవెల్లి, ఐనవోలు జాతరలు సాగడం ఈ గొర్రెతో ముడిపడిన సంస్కృతి ఎంత లోతైనదో చూపుతాయి. ఉన్నిని ఆడవారు వడికేవారు, మగవారు మగ్గం మీద నేసేవారు, నేసిన బట్టకు చింతగింజల గంజి పట్టించి గట్టిపరిచేవారు. అలా తయారైన గొంగడి వానకు గొడుగు, చలికి దుప్పటి, రాత్రికి పరుపు. సహజమైన నలుపు కనుక రంగు అద్దవలసిన పని ఉండదు, చింతగింజల గంజి వల్ల వాననీరు త్వరగా లోపలికి దిగదు. కాపరి తన గొర్రె ఉన్నినే కప్పుకుని ఆ గొర్రె వెంట తిరిగేవాడు, మిగిలిన గొంగళ్లను రైతులకు అమ్మేవాడు.

ఉన్ని కంటే నమ్మకమైన ఆదాయం ఎరువుది. పంట కోసిన చేలో రాత్రిపూట గొర్రెలను నిలిపి ఉంచడాన్ని మంద పెట్టడం అంటారు. పెంటా మూత్రమూ నేరుగా నేలలో కలిసే ఈ పద్ధతికి బదులుగా రైతు కాపరికి ధాన్యమో డబ్బో ఇచ్చి, తిండి కూడా పెట్టేవాడు. వాన మొదలయ్యే దాకా ఒక్కో మంద ఒక్కో దారిన ఊళ్లు తిరుగుతూ, వేసవిలో నల్లమల అడవులకో కృష్ణా గోదావరి మాగాణుల కోత చేలకో చేరేది. ఆ దారి ఏటేటా అదే కావడం వల్ల రైతుకూ కాపరికీ మధ్య తరాల పరిచయం ఉండేది. స్వగ్రామంలో వానాకాలపు మేత బంచరాయిలో, అంటే ఊరందరి పశువులకూ వదిలిన బీడులో దొరికేది. నిజాం రెవెన్యూ కాగితాల్లో దీన్నే గైరాను అన్నారు. దేశ్‌ముఖ్‌లు బలపడినచోట ఆ బీళ్లు దొర కమతాల్లో కలిసిపోవడమే గాక, గడీలో శుభకార్యమైతే మంద నుంచి జీవాన్ని ఉచితంగా ఇచ్చుకోవడం కూడా వెట్టిలో భాగమైంది. 1946 జూలై 4న కడవెండిలో దొర గూండాల కాల్పులకు బలై తెలంగాణ సాయుధ పోరాటపు తొలి అమరుడిగా నిలిచిన దొడ్డి కొమరయ్య గొర్రెల కాపరి కుటుంబానికి చెందినవాడే.

దక్కని గొర్రె తగ్గుదలకు ఒక్క కారణం చెప్పడం కుదరదు. మిల్లు దుప్పటి, ప్లాస్టిక్ కాగితం గొంగడి అవసరాన్ని తగ్గించాయి. ఉన్ని ధర కత్తిరింపు కూలికి కూడా చాలని రోజు వచ్చింది. రసాయన ఎరువు మందకున్న విలువను తగ్గించింది. బంచరాయిలో ఇళ్ల స్థలాలూ పరిశ్రమలూ వెలిశాయి. ఉన్నిని మెరుగుపరచాలన్న ఉద్దేశంతో విదేశీ మేలిజాతి పొట్టేళ్లను తెచ్చి కలిపిన ప్రయత్నాలు, ఎండలో మైళ్లకొద్దీ నడవలేని, నీలినాలుక వంటి రోగాలకు తట్టుకోలేని పిల్లలను ఇచ్చి ఆగిపోయాయి. వీటన్నిటి నడుమ పట్టణాల్లో మాంసం గిరాకీ పెరిగింది, దానికి జవాబుగా నెల్లూరు గొర్రె ఉత్తరానికి నడిచింది. ఉన్నికి బదులు పొట్టి వెంట్రుకలుండే ఈ గొర్రె భారతీయ గొర్రెజాతుల్లో అన్నిటికంటే ఎత్తైనది. పూర్తి తెల్లదాన్ని పల్ల, తెల్ల ఒంటి మీద కన్నుల చుట్టూ మూతి దగ్గరా నల్లమచ్చలున్నదాన్ని జోడిపి, ఎర్రదాన్ని డోర అంటారు. త్వరగా బరువెక్కుతుంది, కత్తిరించే పని లేదు. కాపరులు దక్కని మందలోకి నెల్లూరు పొట్టేలును వదిలారు. రెండు మూడు తరాల్లో మంద రంగు నలుపు నుంచి ఎరుపుకు మారిపోయింది. కాపరిని తప్పుపట్టడానికి ఇందులో ఏమీ లేదు. ఉన్నికి ధర లేనప్పుడు ఉన్ని గొర్రెను పెంచమని అతనికి చెప్పే హక్కు ఎవరికీ ఉండదు.

2017 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం గొల్ల కురుమలకు గొర్రెల పంపిణీ ప్రారంభించింది. ఇరవై ఆడ జీవాలు, ఒక పొట్టేలు కలిపి ఒక యూనిట్, అప్పట్లో దాని విలువ 1,25,000 రూపాయలు, అందులో 75 శాతం రాయితీ. జీవాలను పొరుగు రాష్ట్రాల నుంచి కొని తేవాలన్న నిబంధన వల్ల వచ్చినవాటిలో మాంసపు రకాలే ఎక్కువ. 2019 పశుగణనలో తెలంగాణ సుమారు 1.9 కోట్ల గొర్రెలతో దేశంలో మొదటి స్థానంలోనూ, ఆంధ్రప్రదేశ్ సుమారు 1.76 కోట్లతో రెండో స్థానంలోనూ నిలిచాయి. పాలనాపరంగా ఇది పెద్ద విజయం. ఇన్ని గొర్రెలున్న రాష్ట్రంలో గొంగడి నేయడానికి నల్ల ఉన్ని వెతుక్కోవలసి రావడం ఆ అంకె చెప్పని విషయం: తలల లెక్క పెరుగుతూ ఉండగానే ఒక జాతి సన్నగిల్లగలదు.

పుంగనూరు ఆవు గురించి ఇంతకంటే క్లుప్తంగా చెప్పవచ్చు. చిత్తూరు జిల్లా పుంగనూరు జమీందారీ ప్రాంతంలో, కొద్దిపాటి మెట్ట ఉన్న రైతుల ఇళ్లలో, సుమారు మూడడుగుల ఎత్తుండే ఈ చిన్న ఆవు తక్కువ మేతతో చిక్కని పాలిచ్చి, తేలిక నేలల్లో దుక్కికీ పనికివచ్చేది. సంకర జాతుల ప్రచారంలో దాదాపు అంతరించిపోయే స్థితికి చేరగా పలమనేరు పరిశోధనా కేంద్రం దాన్ని నిలబెట్టింది. 2024 సంక్రాంతి నాడు ప్రధానమంత్రి తన నివాసంలో ఈ ఆవులకు మేత పెట్టిన చిత్రాలు దేశమంతా తిరిగాక దానికి నగరాల్లో గిరాకీ పెరిగింది, ధర సామాన్య రైతుకు అందనంత ఎత్తుకు పోయింది. మరింత పొట్టి పశువు కోసం ఎంపిక చేస్తూ, ఇంటి ముంగిట ముద్దుగా తిరిగే జంతువుగా దాన్ని మలచడం ఇప్పుడు ఒక వ్యాపారం. పేరు బతికింది కాని, ఆ పేరుకు అర్థమిచ్చిన రైతు ఆ కొనుగోలుదారుల వరుసలో లేడు.

కర్నాల్‌లో 1984లో ఏర్పడిన జాతీయ పశు జన్యు వనరుల సంస్థ దేశీయ జాతులను పరిశీలించి నమోదు చేస్తుంది. తెలంగాణ నుంచి ఆ జాబితాలో చేరిన పశుజాతి పొడతూర్పు. నాగర్‌కర్నూలు జిల్లా అమ్రాబాదు, అచ్చంపేట ప్రాంతాల్లో తెల్లని ఒంటి మీద గోధుమరంగు పొడలతో కనిపించే ఈ పశువులను లంబాడాలూ ఇతర కాపరులూ పెద్ద మందలుగా నల్లమల అంచున మేపుతారు. వారికి పాలు ముఖ్యం కాదు. ఏటా దీపావళి దాటాక జరిగే కురుమూర్తి జాతరలో పాలమూరు మెట్టరైతులు దుక్కి కోసం కోడెలను కొంటారు, ఆ అమ్మకమే మందకు ఏడాది ఆదాయం. మేత దొరికే అడవి ఇప్పుడు అమ్రాబాదు పులుల అభయారణ్యం; అందులోకి మంద ప్రవేశం అటవీశాఖ అనుమతి మీద ఆధారపడి ఉంటుంది. నమోదు పత్రంలో జాతి కొలతలూ రంగూ కొమ్ము ఆకారమూ పాల దిగుబడీ రాసి ఉన్నాయి. వేసవిలో ఆ మంద ఎక్కడ మేయవచ్చునో చెప్పే నిబంధన ఆ పత్రంలో లేదు.